ప్రోగ్రాం ఉంది, తాళంచెవి లేదు

కృష్ణానగర్‌లో రెండో అంతస్తులో ఒక చిన్న రికార్డింగ్ స్టూడియో ఉందనుకుందాం. ఇరవై ఏళ్ల కిందట అక్కడ తయారైన భక్తి పాటల ఆల్బం మళ్లీ కావాలని ఫోన్ వస్తుంది. గొంతు కొత్తగా పాడిస్తారట, వాద్యాలు మాత్రం పాతవే కావాలట. పాటల ఫైళ్లు స్టూడియోలో ఉన్నాయి. వాటిని తెరిచే ప్రోగ్రాం సీడీ బీరువాలో ఉంది. మూలన గుడ్డ కప్పి ఉంచిన సిస్టమ్ స్విచ్ వేస్తే, కాసేపు మూలిగినా, విండోస్ ఎక్స్‌పీ వచ్చేస్తుంది. ఐకాన్ మీద రెండుసార్లు నొక్కగానే ఒక చిన్న పెట్టె తెరుచుకుంటుంది: డాంగిల్ కనబడలేదు. ప్రింటర్ పోర్టుకి తగిలిస్తేనే ప్రోగ్రాం తెరుచుకునే, తాళంచెవి లాంటి ఆ అగ్గిపెట్టెంత ముక్క, స్టూడియో పక్క సందులోంచి ఈ సందులోకి మారినప్పుడు ఏ అట్టపెట్టెలోకి వెళ్లిందో ఎవరికీ గుర్తులేదు.

పాత సాఫ్ట్‌వేర్ గురించి ఎప్పుడు మాట వచ్చినా ‘ఇది ఇప్పటికీ నడుస్తుందా?’ అనే అడుగుతారు. సంగీతం విషయంలో ఆ ప్రశ్న అంతగా పనికిరాదు. ప్రోగ్రాంని ఏదో ఒక విధంగా నడిపించడం ఇవాళ చాలావరకు సాధ్యమే. కానీ పాట ప్రోగ్రాంలో లేదు. అది ఫైల్లో కొంత, సింథసైజర్ మెమరీలో కొంత, శాంప్లర్ (రికార్డు చేసిన శబ్దాలని మెట్ల మీద వాయించే యంత్రం) డిస్కుల్లో కొంత, ఆ రోజు కూర్చుని ప్రోగ్రామింగ్ చేసినవాడి బుర్రలో కొంత ఉంది. ఇవన్నీ కలిసినప్పుడే అది పాట అయింది. కాబట్టి బతికించాల్సింది ప్రోగ్రాంని కాదు, ఈ ముక్కల మధ్య ఉన్న అతుకుల్ని. పాతబడినప్పుడు ముందు ఊడేవి కూడా అవే.

దీన్ని అర్థం చేసుకోవడానికి అటారీ ఎస్‌టీ కథ బాగా పనికొస్తుంది. సంగీతం కోసం వాడిన పాత కంప్యూటర్లలో ఇంత ప్రేమగా కాపాడుకొస్తున్నవి తక్కువ. 1985లో వచ్చింది. ప్రాసెసర్ మోటరోలా 68000, వేగం 8 మెగాహెర్ట్జ్. మరుసటి ఏడాది వచ్చిన 1040 మోడల్‌లో మెమరీ ఒక్క మెగాబైట్. ఇవాళ ఫోన్‌తో తీసిన ఒక్క ఫోటో కూడా అందులో పట్టదు. అయినా దానికి మిడి సాకెట్లు, అంటే కీబోర్డులూ సింథసైజర్లూ కంప్యూటర్‌తో మాట్లాడుకునే సాకెట్లు, పుట్టుకతోనే ఉన్నాయి. మిగతా కంప్యూటర్లలో చాలావాటికైతే మిడి ఇంటర్‌ఫేస్ విడిగా కొనుక్కోవాలి. జర్మనీలోని స్టైన్‌బర్గ్ కంపెనీ 1989లో క్యూబేస్ అనే పాటల తయారీ ప్రోగ్రాంని మొదట ఈ అటారీ మీదే విడుదల చేసింది. పాటని ఎడమ నుంచి కుడికి సాగే పట్టీలుగా పరిచి చూపించే ఆ తెరనే, రంగులు మార్చుకుని, ఇవాళ్టి స్టూడియో సాఫ్ట్‌వేర్లలో చాలావాటిలో చూస్తున్నాం.

అటారీ టైమింగ్ రాయిలా ఉంటుందని దాన్ని వాడినవాళ్లు అంటారు. ఆ మాటలో నిజం సగమే. 1983లో ఖరారైన మిడి శబ్దాన్ని మోయదు. ఏ మెట్టు నొక్కారు, ఎంత బలంగా నొక్కారు, ఎప్పుడు వదిలారు అన్న కబుర్లు మాత్రమే మోస్తుంది. ఆ తీగ వేగం సెకనుకి 31,250 బిట్లు. ఒక బైటు వెళ్లడానికి ముందూ వెనకా గుర్తులతో కలిపి 10 బిట్లు కావాలి, అంటే 320 మైక్రోసెకన్లు. ఒక మెట్టు నొక్కిన కబురు 3 బైట్లు, అంటే దాదాపు ఒక మిల్లీసెకను. పది వేళ్లతో ఒకేసారి కార్డ్ పట్టుకుంటే పదో వేలి కబురు చేరేసరికి 6 నుంచి 10 మిల్లీసెకన్లు గడుస్తాయి. కంప్యూటర్ అటారీ అయినా మరొకటైనా ఈ తీగ మారదు. అటారీలో ఉన్న సుఖమల్లా మిడి చిప్ నేరుగా ప్రాసెసర్ పక్కనే ఉండటం, ప్రాసెసర్‌కి వేరే పనులు పెద్దగా లేకపోవడం. ఇప్పటి కంప్యూటర్లో అదే కబురు యూఎస్‌బీ, డ్రైవర్, వంద పనులు ఒకేసారి చేసే ఆపరేటింగ్ సిస్టమ్ దాటుకుని బయటికి రావాలి. ఆలస్యం ఎప్పుడూ ఒకేలా ఉంటే వాయించే చేయి సర్దుకుంటుంది. ఒకసారి 2, ఇంకోసారి 9 మిల్లీసెకన్లు అయితే దరువు తూలినట్టు వినిపిస్తుంది. జాగ్రత్తగా అమర్చుకున్న ఇప్పటి ఇంటర్‌ఫేస్‌తో ఈ తేడా చాలావరకు పోతుంది. కేవలం టైమింగ్ కోసం పాత మెషిన్‌ని అంటిపెట్టుకోవడం ఇష్టమే తప్ప అవసరం కాదు.

అసలు సంగతి తాళంచెవి దగ్గర ఉంది. అటారీ క్యూబేస్‌కి డాంగిల్‌ని కార్ట్రిడ్జ్ సాకెట్‌లో పెట్టాలి. ఒక నంబర్ దాచుకున్న చిప్ లాంటిది కాదది. ప్రోగ్రాం ఏ వరుసలో అడిగిందన్నదాన్ని బట్టి జవాబు మార్చే చిన్న సర్క్యూట్ అందులో ఉంది. అటారీకి సంబంధించి మిగతా అన్నిటికీ నకళ్లు తయారయ్యాయి. హటారి అనే ఎమ్యులేటర్ ఆ కంప్యూటర్‌ని మామూలు పీసీలో నడిపిస్తుంది, మిడిని బయటికి కూడా పంపుతుంది. అసలు ఆపరేటింగ్ సిస్టమ్ బదులు ఉచితంగా వాడుకోవడానికి ఎమ్యుటాస్ ఉంది. ఎక్కువకాలం మొండికేసింది మాత్రం ఈ డాంగిలే. దాని లోపలి తర్కాన్ని ఓపిగ్గా విప్పి చూశాకే, మిస్టర్ అనే ఎఫ్‌పీజీఏ ప్రాజెక్టులో, అంటే పాత కంప్యూటర్ సర్క్యూట్‌నే కొత్త చిప్‌లో మళ్లీ అల్లే పద్ధతిలో, క్యూబేస్ డాంగిల్‌కి కూడా చోటు దొరికింది. మొత్తం కంప్యూటర్‌కి నకలు తీయగలిగినవాళ్లు కూడా ఆ చిన్న ముక్క దగ్గర ఆగి అంత తంటాలు పడ్డారు.

తాళాలు చాలా రకాలు. పాత మ్యాక్ ప్రోగ్రాములు కొన్ని ‘కీ డిస్క్’తో వచ్చేవి. ఆ ఫ్లాపీ నుంచి అనుమతిని హార్డ్ డిస్క్ మీదికి ఎక్కించుకోవాలి. ఇన్నిసార్లే అని లెక్క ఉండేది. హార్డ్ డిస్క్ ఎగిరిపోతే దాంతోపాటు అనుమతీ పోయేది. తర్వాత ప్రింటర్ పోర్టు డాంగిళ్లు, యూఎస్‌బీ డాంగిళ్లు, ఆ తర్వాత ఇంటర్నెట్‌లో కంపెనీ సర్వర్‌ని అడిగి తెచ్చుకునే అనుమతులు వచ్చాయి. వీటిలో చివరిదే అన్నిటికంటే బలహీనమైనది. డాంగిల్ పోతే వెతుక్కోవచ్చు, ఎర్రగడ్డ ఆదివారం సంతలో అదృష్టం బాగుంటే ఇంకోటి కనబడనూవచ్చు. సర్వర్ ఆపేస్తే వెతకడానికి ఏమీ మిగలదు. స్టైన్‌బర్గ్ 2022లో క్యూబేస్ 12తో డాంగిల్ అక్కర్లేని లైసెన్స్‌కి మారి, డాంగిళ్లకి అనుమతులిచ్చే పాత ఈలైసెన్సర్ సేవని 2025 మే నెలలో ముగించింది. కంపెనీ ముందే చెప్పింది, గడువు కూడా ఇచ్చింది. అయినా ఆ గడువు సంగతి తెలుసుకోవాలంటే మెషిన్ రోజూ వాడుతున్నవాడై ఉండాలి. గుడ్డ కప్పి మూలన పెట్టిన సిస్టమ్‌కి ఈమెయిల్ రాదు.

కంపెనీలే లేకుండా పోవడం ఇంకో కథ. ఒకప్పుడు మ్యాక్ మీద మంచి పేరున్న విజన్ అనే సీక్వెన్సర్‌ని (నోట్లని వరుసగా రాసుకుని వాయించే ప్రోగ్రాంని) తయారుచేసిన ఆప్‌కోడ్‌ని 1998లో గిబ్సన్ అనే గిటార్ల కంపెనీ కొంది. ఏడాది తిరిగేసరికి పని ఆగిపోయింది. ఆప్‌కోడ్‌దే అయిన ఓఎంఎస్ అనే మిడి వ్యవస్థ మీద వేరే కంపెనీల ప్రోగ్రాములు కూడా ఆధారపడి ఉండేవి. అవీ చిక్కుల్లో పడ్డాయి. అదే గిబ్సన్ 2013లో విండోస్ మీద ఇలాంటి ప్రోగ్రాములు చేసే కేక్‌వాక్‌ని కొని, 2017 నవంబరులో ఆపేసింది. అయితే 2018లో దాన్ని బ్యాండ్‌ల్యాబ్ తీసుకోవడంతో విండోస్ స్టూడియోలకి ఊపిరి ఆడింది. లాజిక్ అనే ఇంకో సీక్వెన్సర్‌ని తయారుచేసిన ఎమాజిక్‌ని 2002లో ఆపిల్ కొనగానే విండోస్ లాజిక్ ఆగిపోయింది. ప్రోగ్రాం మంచిదో చెడ్డదో అన్నదానికీ, అది బతకడానికీ సంబంధం లేదని ఈ మూడు చూస్తే అర్థమవుతుంది. ఎవరి చేతిలో పడింది అన్నదే లెక్క.

హైదరాబాద్‌లో ఈ పని చేయాలంటే

అటారీ కథ పాఠంగా బాగుంటుంది కానీ, ఇక్కడి స్టూడియోకి ఎక్కువగా ఎదురయ్యేది ఎక్స్‌పీ నడిచే అసెంబుల్డ్ సిస్టమో, పాత మ్యాక్ జీ4నో. వీటి రోగాలు వేరు.

ఎక్స్‌పీ సిస్టమ్‌లో అసలు చిక్కు సౌండ్ కార్డ్ దగ్గర. ఆ రోజుల్లో మంచి కార్డులు పీసీఐ స్లాట్లో కూర్చునేవి. కొత్త మదర్‌బోర్డుల్లో ఆ స్లాట్ కనుమరుగైంది. ఎలాగో కూర్చోబెట్టినా 64 బిట్ విండోస్‌కి డ్రైవర్ లేని కార్డులు చాలా ఉన్నాయి. విండోస్ 3.1 కాలం నాటి 16 బిట్ ప్రోగ్రాములైతే 64 బిట్ విండోస్‌లో అసలు తెరుచుకోవు. 86బాక్స్ లాంటి ఎమ్యులేటర్లు ఆనాటి పీసీని సౌండ్ బ్లాస్టర్ అనే మామూలు సౌండ్ కార్డుతో సహా నకలు తీస్తాయి కానీ, ఎనిమిది లైన్ల స్టూడియో కార్డుకి నకలు ఆశించకూడదు. కాబట్టి ఆ పెట్టెనే బతికించుకోవాలి. దాన్ని ఇంటర్నెట్‌కి తగిలించకూడదన్నది వేరే చెప్పక్కర్లేదు. మైక్రోసాఫ్ట్ ఎక్స్‌పీకి మరమ్మతులు ఆపేసింది 2014 ఏప్రిల్‌లో.

మ్యాక్ సంగతి ఇంకొంచెం తమాషా. మ్యాక్ ఓఎస్ 9 చివరి రూపం 9.2.2 అనేది 2001 డిసెంబరులో వచ్చింది. మరుసటి మే నెలలో స్టీవ్ జాబ్స్ వేదిక మీదికి శవపేటిక తెప్పించి మరీ దానికి అంత్యక్రియలు చేశాడు. సంగీతం స్టూడియోలు మాత్రం ఆ తర్వాత కూడా దాన్ని వదల్లేదు. ఆ మెషిన్ లోపల 3.6 వోల్టుల చిన్న లిథియం బ్యాటరీ ఉంటుంది. అది చచ్చిపోతే కొన్ని మ్యాక్‌లలో తేదీ 1904కి వెళ్లిపోతుంది, కొన్నిట్లో 1956 ఆగస్టు 27కి. అంటే ఆంధ్రప్రదేశ్ ఇంకా పుట్టని రోజుకి. తేదీ తప్పు పడితే నవ్వుకుని వదిలేయొచ్చు గానీ, సేవ్ చేసిన ప్రతి ఫైలూ 1956 నాటిదని చూపిస్తే ఏది కొత్త మిక్స్, ఏది పాతది అన్న లెక్కంతా తప్పుతుంది. పైగా ఏళ్ల తరబడి వదిలేసిన బ్యాటరీ కారి బోర్డుని తినేసే ప్రమాదం కూడా ఉంది.

ఇక వాతావరణం. మే నెలలో 40 డిగ్రీలు దాటే ఊళ్లో, ఏసీ ఆపేసిన గదిలో, దుమ్ము పట్టిన ఫ్యాన్‌తో పాత ఎస్‌ఎమ్‌పీఎస్ (సిస్టమ్‌కి కరెంటు అందించే పెట్టె) ఎంతసేపు ఉంటుంది? కెపాసిటర్లు ఎండిపోవడం, ఉబ్బడం వయసుతో వచ్చేదే. వేడి దాన్ని తొందరపెడుతుంది. దానికితోడు 2000 ప్రాంతాల్లో వచ్చిన మదర్‌బోర్డులు చాలావాటిలో నాసిరకం కెపాసిటర్లు పడ్డాయన్నది లోకమంతా తెలిసిన గొడవ. అందుకని పదేళ్లుగా ఆపి ఉంచిన సిస్టమ్‌ని చూడగానే స్విచ్ వేయడం మొదటి తప్పు. ముందు మూత తీసి ఉబ్బిన కెపాసిటర్లు ఉన్నాయేమో చూడాలి. ఎస్‌ఎమ్‌పీఎస్‌ని విడిగా పరీక్షించాలి. హార్డ్ డిస్క్‌ని విప్పి, అడాప్టర్‌తో వేరే కంప్యూటర్‌కి తగిలించి, మొత్తం డిస్క్‌కి నకలు తీసుకోవాలి. ఆ తర్వాతే మిగతా పని. పాత డిస్క్ చివరిసారి తిరిగేది ఎప్పుడో ఎవరూ చెప్పలేరు. ఆ చివరి తిరుగుడు విండోస్ లోడ్ అవడానికి ఖర్చయిపోతే అంతకంటే దండగ లేదు.

విడిభాగాల విషయంలో మాత్రం ఈ ఊరు అదృష్టవంతురాలే. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్, అందరూ సీటీసీ అనే చోట, పాత ర్యామ్, కేబుళ్లు, అడాప్టర్ల కోసం అడుగుతూ పోతే ఏదో ఒక షాపువాడు అలమరా కింద నుంచి తీస్తాడు. కెపాసిటర్లు, కనెక్టర్లు, సాల్డరింగ్ సామాను కోఠి గుజరాతీ గల్లీలో చూడాలి. ఎర్రగడ్డ సంత గురించి పైనే వచ్చింది. ప్లాస్టిక్ ముక్క విరిగితే ప్రింట్ చేయించుకోవడానికి త్రీడీ ప్రింటర్లున్నాయి. రాయదుర్గంలో 2023లో తెరిచిన టీ-వర్క్స్ లాంటి చోట్లు కూడా ఉన్నాయి. దొరకనిది విడిభాగం కాదు, తెలిసిన మనిషి. అమీర్‌పేట బోర్డుల మీద కోర్సుల పేర్లు నెలనెలా మారతాయి. కొత్తది నేర్పే చోట పాతది నేర్పమని అడగడం కూడా న్యాయం కాదేమో.

ఫ్లాపీల గురించి రెండు మాటలు. సోనీ 2011లో వాటి అమ్మకం ఆపేసింది. అటారీ వాడేది 720 కేబీ రకం. మన దగ్గర ఎక్కువగా మిగిలి ఉన్నవి 1.44 ఎంబీ రకం. రెండూ ఒకేలా కనబడినా పూత వేరు. కన్నానికి స్టిక్కర్ వేసి ఒకదాన్ని ఇంకోదానిలా వాడితే ఇవాళ రాస్తుంది, రేపు చదవదు. వానాకాలం చెమ్మకి బూజు పట్టిన ఫ్లాపీని అలాగే డ్రైవ్‌లో పెడితే ఆ బూజు డ్రైవ్ తలకి అంటుకుని, వెంట వచ్చే ఫ్లాపీలన్నిటినీ గీస్తుంది. మామూలు యూఎస్‌బీ ఫ్లాపీ డ్రైవ్ చదవలేని ఫార్మాట్ల కోసం గ్రీజ్‌వీజిల్ అనే చిన్న బోర్డు ఉంది. అది ఫైళ్లని అడగదు, డిస్క్ మీది అయస్కాంత మార్పులనే ఉన్నదున్నట్టు రికార్డు చేస్తుంది. ఒకసారి అలా చదివేశాక అసలు మెషిన్‌లో ఫ్లాపీ డ్రైవ్ బదులు, దానిలా నటించే గోటెక్ అనే పెట్టె పెట్టి పెన్‌డ్రైవ్‌తో నడుపుకోవచ్చు.

గమకం ఎక్కడ పోతుంది

ఇంత కష్టపడి ఫైల్ తెరిచాక చాలామంది చేసే పని, దాన్ని స్టాండర్డ్ మిడి ఫైల్‌గా ఎగుమతి చేసుకుని, ‘హమ్మయ్య, భద్రం’ అనుకోవడం. మిడి ఫైల్ మంచిదే. ఏ ప్రోగ్రాం అయినా తెరుస్తుంది, ఇంకో ముప్ఫై ఏళ్ల తర్వాత కూడా తెరుస్తుంది. కానీ తెలుగు పాటకి అసలు నష్టం జరిగేది సరిగ్గా ఇక్కడే.

కీబోర్డ్ మీద వేణువునో వీణనో పలికించేవాడు జారుని, గమకాన్ని పిచ్ బెండ్ చక్రంతో తెస్తాడు. మిడిలో పిచ్ బెండ్ విలువలు 0 నుంచి 16,383 దాకా, మధ్యలో 8,192 అంటే వంపు లేదని. చక్రాన్ని ఎంత తిప్పారన్నదే ఆ అంకె చెబుతుంది. అంత తిప్పితే స్వరం ఎంత ఎక్కాలన్నది మాత్రం వాయిద్యం లోపలి సెట్టింగ్, దాన్నే బెండ్ రేంజ్ అంటారు. మామూలుగా అది 2 సెమిటోన్లు (సెమిటోన్ అంటే కీబోర్డ్ మీద పక్కపక్క మెట్ల మధ్య దూరం). కర్ణాటక సంగీతం వాయించేవాళ్లకి అది చాలదు, 12కి పెట్టుకుంటారు. ఆ 12 అనేది సింథసైజర్లో ఉంది, ఫైల్లో ఉండకపోవచ్చు.

ఇప్పుడు లెక్క చూడండి. షడ్జమం నుంచి పంచమానికి జారు, అంటే 7 సెమిటోన్లు. బెండ్ రేంజ్ 12 ఉన్నప్పుడు చక్రం పన్నెండింట ఏడు వంతుల దాకా తిరిగింది. అదే ఫైల్‌ని రేంజ్ 2 ఉన్న కొత్త వాయిద్యంలో వాయిస్తే స్వరం ఎక్కేది 2లో పన్నెండింట ఏడు వంతులు, అంటే 1.17 సెమిటోన్లు. పంచమం చేరాల్సిన జారు శుద్ధ రిషభం కొద్దిగా దాటి ఆగిపోతుంది. ఫైల్ చెడలేదు, ఒక్క నోటూ పోలేదు, ప్రోగ్రాం ఏ తప్పూ చూపించదు. పాట మాత్రం శ్రుతి తప్పిన పిల్లాడు పాడినట్టు ఉంటుంది. వినేవాడు ‘పాత ప్రోగ్రామింగ్ ఇంతే’ అని పెదవి విరుస్తాడు. ఆ రోజు అరగంట కూర్చుని ఆ జారుని సరిచూసుకున్న మనిషికి దక్కేది ఇదీ.

దీనికి మందు చాలా చిన్నది. మిడిలోనే బెండ్ రేంజ్‌ని చెప్పే కబురు ఒకటి ఉంది. కంట్రోలర్ 101కి 0, 100కి 0 పంపి, తర్వాత 6కి ఎన్ని సెమిటోన్లో ఆ అంకె పంపాలి. ప్రతి ట్రాక్ మొదట్లో ఈ మూడూ పెట్టి ఎగుమతి చేస్తే, దాన్ని పాటించే వాయిద్యం దేంట్లో తెరిచినా జారు జారుగానే ఉంటుంది. కాకపోతే ఆ అంకె తెలియాలి. అది తెలుసుకోవడానికి అసలు సింథసైజర్ స్విచ్ వేసి, ఆ ప్యాచ్ (అందులో దాచుకున్న ఆ శబ్దం) సెట్టింగుల్లోకి వెళ్లి చూడాలి. పాత సింథసైజర్లలో ఆ సెట్టింగులని కాపాడేది కూడా ఒక చిన్న బ్యాటరీయే. అది అయిపోతే మనిషి చేసుకున్న సొంత శబ్దాలన్నీ ఒక్కసారిగా తుడిచిపెట్టుకుపోతాయి. బ్యాటరీ మార్చే ముందే సిస్టమ్ ఎక్స్‌క్లూజివ్ డంప్, అంటే ఆ మెమరీ మొత్తాన్ని మిడి తీగ ద్వారా నకలు, తీసి పెట్టుకోవడం ఇందుకే.

దరువుల కథ ఇంకో రకం. మిడి ఫైల్లో 38వ నోట్ అని ఉంటుంది. 1991 నాటి జనరల్ మిడి ఒప్పందం ప్రకారం, పదో చానెల్లో 38 అంటే స్నేర్ డ్రమ్. కానీ ఆనాటి శాంప్లర్లో 38 మీద డప్పు పెట్టి ఉండొచ్చు, 40 మీద డోలక్ గుమికి ఉండొచ్చు, 45 మీద తాళాలు ఉండొచ్చు. కొత్త సిస్టమ్‌లో తెరిస్తే బోనాల పాటకి పెళ్లి బ్యాండ్ వాయించినట్టు అవుతుంది. ఏ నోట్ మీద ఏ శబ్దం ఉందన్నది శాంప్లర్ ప్రోగ్రాంలో ఉంటుంది. అసలు శబ్దాలు అకాయ్ ఎస్1000 లాంటి యంత్రాల సొంత ఫార్మాట్ డిస్కుల్లో ఉంటాయి, వాటిని మామూలు పీసీ తెరవదు. విడిగా ఉపకరణాలు కావాలి. ఆ శాంప్లర్లకి తగిలించిన స్కజీ అనే పాత రకం హార్డ్ డిస్కులు ఇప్పుడు ఎక్కువగా చచ్చే వయసులో ఉన్నాయి. బ్లూస్కజీ లాంటి బోర్డుతో వాటి స్థానంలో ఎస్‌డీ కార్డు పెట్టుకోవచ్చు, కానీ లోపలున్నది ముందే బయటికి తీసి ఉంటేనే.

ఇంకో చిన్న ఉచ్చు. సీక్వెన్సర్లో ఒక పార్ట్‌ని అర మెట్టు పైకి ట్రాన్స్‌పోజ్ చేసినా, బలం పెంచినా, అది నోట్ల మీద నిజంగా రాయకపోవచ్చు. వాయించేటప్పుడు మాత్రమే లెక్కలోకి వస్తుంది. గాయకుడి శ్రుతికి పాట మొత్తాన్ని దించి ఉంటే, అది ఎగుమతిలో రాకపోతే కొత్త గొంతు పాత శ్రుతిలో కూర్చోదు. ఎగుమతికి ముందు సీక్వెన్సర్లోని ఫ్రీజ్ కమాండ్ కొట్టి, ఆ మార్పులని నోట్ల మీదికి ఎక్కించుకోవడం క్షేమం.

పేర్ల విషయం మరీ చికాకు. అటారీలో, విండోస్ 3.1లో ఫైలు పేరుకి 8 అక్షరాలు, చుక్క, ఆపైన 3 అక్షరాలు. తెలుగు లిపి లేనే లేదు. ‘గోవిందా హరి గోవిందా’ అన్న పల్లవి ‘గోవింద్2’ అయి ఇంగ్లిష్ అక్షరాల్లో కుదించుకుపోతుంది. అలాంటి గోవిందులు ఒక డిస్క్ మీద నాలుగు ఉంటే అందులో రిలీజ్ అయినది ఏదో ఫైల్ చెప్పదు. చెప్పగలిగేవాడు కీబోర్డ్ ప్లేయర్. ఆయన ఉన్నప్పుడే పక్కన కూర్చోబెట్టుకుని వినిపించి రాసుకోవాలి. ఈ మొత్తం పనిలో డబ్బు ఖర్చు కానిది, కానీ అందరూ వాయిదా వేసేది ఇదే.

చేసి తీరాల్సిన విసుగు పని

నోట్లు, శబ్దాలు, సెట్టింగులు ఎన్ని విడివిడిగా దాచినా, అవి కలిసినప్పుడు పుట్టిన శబ్దాన్ని ఆడియోగా పట్టుకోవడానికి బదులు ఇంకోటి లేదు. పాత మెషిన్, పాత సింథసైజర్లు, పాత శాంప్లర్ అన్నీ ఒక్కసారి కలిసి పనిచేస్తున్న రోజున, ఒక్కో ట్రాక్‌ని సోలోగా పెట్టి, మొదటి బార్ నుంచి చివరి దాకా వేవ్ ఫైల్‌గా రికార్డు చేయాలి. అయిదు నిమిషాల పాటకి 24 ట్రాకులుంటే ఒక్కొక్కటిగా రెండు గంటలు. ఎనిమిది లైన్ల ఇంటర్‌ఫేస్ ఉండి, వాయిద్యాలకి విడి అవుట్‌పుట్లు ఉంటే మూడు విడతల్లో పావుగంట. పాత మెషిన్ నడకే అసలు అనుకుని కొత్తదాన్ని దాని వెంట నడిపించాలి. రెండూ ఎవరి గడియారం వాళ్లు చూసుకుంటే అయిదో నిమిషానికి లయ విడిపోతుంది. ప్రతి విడతకీ ముందు రెండు బార్ల క్లిక్ పెడితే తర్వాత అతకడం తేలిక. ఇంత విసుగు పని చేయడానికి ఎవరికీ మనసొప్పదు. ఎమ్యులేటర్ ఎక్కించి తెర మీద పాత ఐకాన్లు చూసుకోవడంలో ఉన్న సరదా ఇందులో లేదు.

ఎమ్యులేటర్ని తక్కువ చేయనక్కర్లేదు. ఫైల్ తెరిచి చూడటానికి, మిడి ఎగుమతికి, ఏ ట్రాక్ ఏ చానెల్లో ఉందో తెలుసుకోవడానికి అది చాలు, పాత మెషిన్‌ని శ్రమ పెట్టకుండా పని అయిపోతుంది. కొన్నిసార్లు మధ్యలో ఒక మెట్టు వేసుకోవాలి. పాత క్యూబేస్ వీఎస్‌టీ పాటలని ఇప్పటి క్యూబేస్ నేరుగా తెరవదు. 2002లో వచ్చిన క్యూబేస్ ఎస్‌ఎక్స్ తెరిచి కొత్త ఫార్మాట్‌లో సేవ్ చేయగలదు. అంటే పాతదాన్నే కాదు, పాతకీ కొత్తకీ నడుమ ఉన్నదాన్ని కూడా దాచుకోవాలి. దానికీ ఒక డాంగిల్ ఉంటుంది మరి.

డాంగిల్ పోయినప్పుడు క్రాక్ వాడటం తప్పా అన్నది అందరూ గొంతు తగ్గించి అడిగే ప్రశ్న. భారత కాపీరైట్ చట్టం, 1957లో సెక్షన్ 52(1)(ఏఏ) ప్రకారం చట్టబద్ధంగా ప్రోగ్రాం కాపీ ఉన్నవాళ్లు అది పోకుండా, పాడవకుండా బ్యాకప్ కాపీ తీసుకోవచ్చు. 2012 సవరణతో వచ్చిన 65ఏ, హక్కుల్ని ఉల్లంఘించే ఉద్దేశంతో తాళం పగలగొట్టడాన్ని శిక్షించదగిన నేరం చేసింది. ఉద్దేశం అన్న మాట అందులో ఉంది, అది చిన్న మాట కాదు. అమెరికాలో 2003లోనే, డాంగిల్ పాడై, దానికి మారు దొరకని పాత ప్రోగ్రాములకి మినహాయింపు ఇచ్చారు. మన దగ్గర అంత సూటిగా రాసిన మాట లేదు. కొన్న బిల్లు, సీడీ, విరిగిన డాంగిల్ ముక్క అయినా సరే పారేయకుండా ఉంచుకోవడం అందుకే మంచిది. డబ్బు పెట్టి కొన్నవాడు డాంగిల్ పోయి కూర్చుంటే, కొనకుండా క్రాక్ వేసుకున్నవాడి పాటలు ఇప్పటికీ తెరుచుకుంటున్నాయి. ఈ అన్యాయాన్ని తయారుచేసింది తాళం పెట్టినవాళ్లే.

కృష్ణానగర్ స్టూడియోకి తిరిగి వస్తే, ఆ ఫోన్ చేసినవాళ్లకి చెప్పాల్సిన జవాబు ‘అవుతుంది’ కాదు, ‘కాదు’ కూడా కాదు. హార్డ్ డిస్క్ నకలు తీయడానికి ఒక రోజు, డాంగిల్ వెతకడానికో, మధ్య వెర్షన్‌లోంచి తెరవడానికో రెండు మూడు రోజులు. అప్పటి సింథసైజర్ ఎవరి దగ్గర ఉందో తెలుసుకుని అద్దెకు తేవడానికి ఎన్ని రోజులో ఫోన్లు చేస్తేనే తెలుస్తుంది. ట్రాకులు రికార్డు అయ్యాక సిస్టమ్‌లోంచి బ్యాటరీ తీసి, డాంగిల్‌ని పారదర్శకమైన డబ్బాలో వేసి, డబ్బా మూత లోపల ఒక కాగితం అంటించాలి. సింథసైజర్ మోడల్, ప్యాచ్ నంబర్లు, 38 మీద డప్పు, రిలీజ్ అయినది గోవింద్2, వేణువు ట్రాక్ బెండ్ రేంజ్ 12.